పప్పు కుక్కరూ పచ్చ చుక్కా

వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనని మెయిల్ వచ్చినప్పటి నుంచీ ఈ వ్యాసకర్తకు ఒళ్లు మండుతోంది. రమ్మన్నందుకు కాదు. మియాపూర్‌లో బయల్దేరి, హఫీజ్‌పేట దగ్గర ఆగి, కొత్తగూడ దగ్గర మళ్లీ ఆగి, ఎట్టకేలకు గచ్చిబౌలి చేరి, కార్డు గీకి, లిఫ్టు కోసం క్యూ కట్టి, కుర్చీలో కూలబడి హెడ్‌సెట్ తగిలించుకుంటే తెరమీద ఎవరు? బెంగళూరు నుంచి ఒకరు, పుణె నుంచి ఒకరు, విజయవాడలో అత్తారింటి నుంచి ఒకరు. మేనేజరుగారు మాత్రం అదే అంతస్తులో, నాలుగు కుర్చీల అవతలే ఉన్నారు. ఆయనకూ హెడ్‌సెట్టే. దాంతో ఆయన చెప్పిన ప్రతి మాటా ముందు గాల్లోంచి, అర సెకను తర్వాత చెవిలోంచి, రెండేసి సార్లు వినాల్సి వస్తోంది. ఒక్కసారి వినడమే కష్టం.

‘నలుగురూ ఒకచోట కలిసి పనిచేస్తే వచ్చే శక్తి’ అని మెయిల్‌లో రాసింది దీని గురించే.

పోనీ ఈ జబ్బు ఒక్క కంపెనీదేనా అంటే కాదు. ఇంటి నుంచి పని అనగానే లోకమంతా తలుచుకునే జూమ్ సంస్థే 2023 ఆగస్టులో, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉంటున్న ఉద్యోగులు వారానికి రెండు రోజులు వచ్చి తీరాలంది. సారా కాంట్రాక్టరు మద్యనిషేధ సభకు అధ్యక్షత వహించినట్టుంది ఇది. మన టీసీఎస్ 2020లో ‘25 బై 25’ అని ఘనంగా ప్రకటించింది. 2025 నాటికి ఏ సమయంలో చూసినా ఆఫీసులో ఉండాల్సినవాళ్లు పాతిక శాతానికి మించరని దాని అర్థం. తీరా 2025 రాకముందే, 2023 అక్టోబరు నుంచి, ఐదు రోజులూ ఆఫీసుకే రమ్మంది. 2025 జనవరి నుంచి అమెజాన్‌దీ అదే పాట.

మరి ఇంటి నుంచి పని వల్ల కంపెనీలకు లాభం లేదా? లేకేం. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్‌సెంటర్‌లో తొమ్మిది నెలలపాటు దీన్ని పరీక్షించి చూసింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. విరామాలూ, సిక్ లీవులూ తగ్గి ఎక్కువసేపు పనిచేయడం వల్ల 9 శాతం, ఇంట్లో ప్రశాంతంగా ఉండడం వల్ల 4 శాతం. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు.

ఇంట్లో ప్రశాంతంగా! ఈ ముక్క దగ్గర ఈ వ్యాసకర్త చదవడం ఆపి మంచినీళ్లు తాగాడు. తర్వాత అసలు కిటుకు కనబడింది. ఆ ప్రయోగానికి ఇంట్లో తనకంటూ ఒక గది ఉన్నవాళ్లనే తీసుకున్నారు. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటులో అమ్మానాన్నలు ఒక గదిలో, ఆన్‌లైన్ క్లాసుతో పిల్లాడు రెండో గదిలో ఉండగా, వంటింటి గోడకు ఆనించిన డైనింగ్ టేబులే ఆఫీసైన మనిషిని తీసుకుని ఉంటే ఆ 4 శాతం ఎటు పోయేదో!

చైనా వంటిళ్ల సంగతి మనకెందుకు గానీ, తెలుగింటి ప్రశాంతతకు తొలి శత్రువు కుక్కరు. ఉదయం మీటింగ్ పదిన్నరకు. పప్పు పొయ్యెక్కేదీ పదిన్నరకే. ముందు ఉస్సు ఉస్సుమంటుంది. ఆ చప్పుడు ఎరిగినవాడు మాటల వేగం పెంచుతాడు, విజిల్ వచ్చేలోపు వాక్యం ముగించాలని. ముగించలేడు. మ్యూట్‌లో ఉన్నంతసేపూ బుద్ధిగా ఉండే కుక్కరు, ‘ఇప్పుడు మీరు చెప్పండి’ అనగానే కూస్తుంది. చప్పుళ్లను ఏరేసే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశారు. అది మనిషి గొంతును ఏరేసి విజిల్‌ను శుభ్రంగా అవతలికి పంపింది. టీమ్‌లో ఒకావిడైతే కూత విని అది ఎవరింటి కుక్కరో, లోపల ఉన్నది పప్పో బియ్యమో చెప్పేసే స్థాయికి వచ్చింది. అప్రైజల్ ఫారంలో దానికి గడి లేదు.

ఈ వ్యాసకర్త మిత్రుడొకడిది మరీ దారుణం. వంటింటికి దగ్గరగా కూర్చుంటాడు కనుక విజిల్స్ లెక్కపెట్టే బాధ్యత అత్తగారు అతనికే అప్పగించారు. ఒకరోజు మీటింగ్‌లో అమెరికా క్లయింటు ‘ఎన్ని వారాల్లో ఇస్తారు?’ అని అడిగాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ‘ఎన్నొచ్చాయి బాబూ?’ అని కేక. ‘మూడొచ్చాయత్తయ్యా, కట్టేయండి’ అన్నాడు ఇతను, మైకు తెరిచి ఉందని చూసుకోకుండా. డాలస్‌లో ఉన్న తెలుగు లీడు ఏమాత్రం తడుముకోకుండా ‘మూడు వారాలంటున్నాడు సార్’ అని అనువదించాడు. క్లయింటు సంతోషించాడు. మినిట్స్‌లో రాసేశారు. పప్పు ఆరోజే ఉడికింది. ప్రాజెక్టు తొమ్మిది వారాలైనా ఉడకలేదు.

కుక్కరుకైనా నోరు కట్టేయొచ్చు. ‘ఒరేయ్, ఖాళీగానే ఉన్నావుగా, కింద గ్యాస్ బండ వచ్చిందట, చూసిరా’ అనే నాన్ననేం చేస్తారు? ఆయన దృష్టిలో చొక్కా వేసుకుని బయటికి పోతేనే ఉద్యోగం. ఇక ఆడవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వాళ్లకు రెండు కొలువులూ ఒకే కప్పు కింద. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పనిచేసే వీలు కల్పించే ఆలోచన ఉందన్నారు. మంచిదే. ఆ ఇళ్లలో మగవాళ్లు కుక్కరు పెట్టడం నేర్చుకుంటే ఇంకా మంచిది.

యాజమాన్యాల గోడు కూడా వినాలి. అద్దె, క్యాబులు, క్యాంటీను ఖర్చు మిగిలి, కరెంటు బిల్లూ ఇన్వర్టరూ ఉద్యోగి నెత్తిన పడినంతకాలం అందరూ బాగానే ఉన్నారు. తర్వాత అనుమానం మొదలైంది. పూర్తిగా అనవసరమైన అనుమానమూ కాదు. 2022లో విప్రో, పోటీ సంస్థలకూ పనిచేస్తున్నారని 300 మందిని ఇంటికి పంపింది. ఇక్కడ ‘ఇంటికి పంపడం’ పాత అర్థంలోనే. అమెరికాలో వెల్స్‌ఫార్గో బ్యాంకు కీబోర్డు ఆడుతున్నట్టు నటించినవాళ్లను డజనుకు పైగా 2024లో తీసేసింది. మన దగ్గర దానికి యంత్రమేమీ అక్కర్లేదు. ముల్లు తిరిగే చేతిగడియారం మీద మౌసు బోర్లిస్తే చాలు, బాణం గుర్తు తెరమీద కదులుతూనే ఉంటుంది, చాట్‌లో పేరు పక్కన చుక్క పచ్చగా వెలుగుతూనే ఉంటుంది.

అసలు తంటా అంతా ఆ చుక్కతోనే. పచ్చగా ఉంటే పనిచేస్తున్నట్టు, పసుపైతే తిరుగుతున్నట్టు. పనిని కొలవడం చేతగాని కంపెనీ ఒకప్పుడు కుర్చీలు లెక్కపెట్టింది, తర్వాత చుక్కలు లెక్కపెట్టింది, ఇప్పుడు మళ్లీ కార్డు గీతలు లెక్కపెడుతోంది. పని మాత్రం లెక్కకు రావడం లేదు.

కరోనా రెండో వేవ్‌లో, 2021 మే నెలలో ఒక కుర్రాడి చుక్క పసుపులోనే ఉండిపోయింది. మేనేజరు ‘అప్‌డేట్ ప్లీజ్’ అని వరసగా పెడుతూ పోయాడు. కుర్రాడు గుంటూరులో తండ్రికి ఆక్సిజన్ పడక కోసం తిరుగుతున్నాడని టీమ్‌లో ఎవరికీ తెలియదు. పక్క కుర్చీలో ఉండి ఉంటే మొహం చూసి ఎవరో ఒకరు అడిగేవారు. లాప్‌టాప్ కొరియర్లో వచ్చి, ఉద్యోగం మానేశాక కొరియర్లోనే వెనక్కి వెళ్లింది. అతను ఎంత పొడుగుంటాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఇల్లు అందరికీ పడదని సీట్రిప్‌లోనూ తేలింది. ప్రయోగం ముగిశాక ఎక్కడి నుంచి చేస్తారో మళ్లీ ఎంచుకోమంటే, సగానికి పైగా మనసు మార్చుకున్నారు. అలా ఎవరికి నచ్చిన చోట వాళ్లు కుదురుకున్నాకే పనిలో లాభం 13 నుంచి 22 శాతానికి చేరింది.

ఆ ఎంపికే మన దగ్గర కనబడదు. 2023 జులై వానలకు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకు, ఉద్యోగులను విడతలవారీగా వదలమని చెప్పాల్సి వచ్చింది. రోడ్డు మునిగిన రోజు ఇంటి నుంచి పని భేషుగ్గా సాగుతుంది. రోడ్డు ఆరగానే అదే పని ఇంటి నుంచి సాగదంటారు.

కాబట్టి అయ్యా మేనేజర్లూ, వారానికి మూడు రోజులు రమ్మంటే వస్తాం. ఐదు రోజులన్నా, తిట్టుకుంటూనే అయినా వస్తాం. వచ్చిన రోజున మాత్రం ఆ హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, నాలుగు కుర్చీల దూరం నడిచి వచ్చి మాట్లాడండి.