కండెలో చిక్కు

ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను ఉన్న ప్రభుత్వ కార్యాలయాలన్నీ గాలించినా హోదా చెల్లని చోటు ఒక్కటే కనిపిస్తుంది. అది పది కంప్యూటర్లకు కలిపి గోడవారగా పెట్టిన నెట్‌వర్క్ ప్రింటరు క్యూ. ఉద్యోగి ప్రింటు ఇచ్చిన కాగితం నేరుగా యంత్రానికి వెళ్లదు; స్పూలర్ అనే సేవ దానిని అందుకొని, డిస్కు మీద ఒక ఫోల్డరులో దాచి, ప్రింటరుకు తీరిక దొరికిన కొద్దీ వచ్చిన వరుసలోనే ఒక్కొక్కటిగా పంపుతుంది. స్పూల్ అంటే నూలు చుట్టే కండె. నూలు చిక్కుపడితే మంగళగిరి నేతగాడు మగ్గం ఆపి కొస వెతుకుతాడు గాని, కార్యాలయంలో చిక్కు పడిన మరుక్షణం నుంచి సిబ్బంది అంతా కలిసి ఇంకా నూలు చుడతారు. అంటే, మొదటిసారి రాని కాగితం రెండోసారి వస్తుందేమోనని ఒకరు, ఎందుకైనా మంచిదని మరొకరు, పక్కవారు కొడుతున్నారు గనక తామూ కొట్టాలని ఇంకొకరు ప్రింటు బటను నొక్కుతూనే ఉంటారు.

విండోస్‌లో ఒక్కో ప్రింటు పనికి 1 నుంచి 99 వరకు ప్రాధాన్యం ఇవ్వవచ్చు. మామూలుగా అందరికీ దక్కేది 1. అధికారి మెమోకు 99 ఇచ్చి, తిరుమలలో బ్రేక్ దర్శనం మాదిరిగా పక్కదారిన పంపిద్దామని ఆశపడేవారు గమనించవలసినదేమిటంటే, ఆ అంకె వేచి ఉన్నవారి మధ్యనే చెల్లుతుంది తప్ప, అప్పటికే ప్రింటరు నోట్లో పడి అక్కడే బిగుసుకున్న మొదటి ఫైలును దాటించలేదు. అందుచేత కలెక్టరుకు పోవలసిన నివేదికైనా, అటెండరు సెలవు చీటీ అయినా ఆ ఫైలు వెనకనే నిలబడాలి.

ఇంతకీ ఆ మొదటి ఫైలు ఎందుకు ఆగింది? తరచుగా కారణం కాగితం కొలత. అమెరికా, కెనడాలలో వాడే లెటర్ సైజు కాగితం వెడల్పు 216 మిల్లీమీటర్లు, పొడవు 279. ఇక్కడి ఏ4 వెడల్పు 210, పొడవు 297. ఎక్కడినుంచో దించుకున్న నమూనా పత్రంలో లెటర్ అని ఉంటే, ప్రింటరు తన ట్రేలో ఏ4 నిండుగా ఉన్నా దానిని ముట్టుకోకుండా, ఈ జిల్లాలో ఎవరూ కొనని, ఏ దుకాణమూ అమ్మని కాగితం కోసం దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ కూర్చుంటుంది. నిబంధనల పట్ల ఇంతటి నిష్ఠ ఆడిట్ విభాగంలో తప్ప మరెక్కడా కానరాదు.

మరికొన్ని సార్లు తప్పు చిరునామాది. రూటరు ఒక్కో యంత్రానికి అద్దె ఇల్లు ఇచ్చినట్టు ఒక చిరునామా ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ప్రింటరు వేరే ఇంట్లో దిగితే, కంప్యూటర్లు పాత ఇంటి తలుపే తడుతుంటాయి. ప్రింటరుకు స్థిర చిరునామా కేటాయిస్తే ఈ బాధ ఉండదు. అంతకంటె విచిత్రమైనది ‘ఆఫ్‌లైన్’ వ్యవహారం. కంప్యూటరు ఎస్‌ఎన్‌ఎంపీ అనే పద్ధతిలో ప్రింటరును అప్పుడప్పుడు పలకరించి దాని స్థితి కనుక్కుంటుంది. ఆ పలకరింపుకు బదులు రాకపోతే, యంత్రం ఎదురుగా వెచ్చగా, నిక్షేపంగా నిలబడి ఉన్నా లేనట్టే లెక్క. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వని పింఛనుదారు కౌంటరు ముందు స్వయంగా నిలబడి, తాను బతికే ఉన్నానని చెప్పుకున్నా చెల్లని సంప్రదాయం ఉన్న చోట దీనికి ఆశ్చర్యపోవలసిన పని లేదు. పోర్టు అమరికలలో ఆ పలకరింపును ఆపివేస్తే ప్రింటరు చాలాసార్లు తిరిగి బతుకుతుంది.

ఆగిన ఫైలును రద్దు చేస్తే దాని పక్కన ‘డిలీటింగ్’ అని పడి, గంటల తరబడి అలాగే ఉంటుంది. బదిలీ ఉత్తర్వులు వచ్చినా రిలీవ్ కాని ఉద్యోగి సీటు ఇదే తీరుగా ఉంటుంది. దీనికి నికరమైన చికిత్స ఒకటి ఉంది. స్పూలర్ సేవను ఆపి, సిస్టమ్32 లోపల స్పూల్ అనే ఫోల్డరులోని ప్రింటర్స్ ఫోల్డరును ఖాళీ చేసి, సేవను మళ్లీ మొదలుపెట్టాలి. క్యూ సర్వరు మీద ఉన్నట్లయితే ఈ పని సర్వరు మీదనే జరగాలి గాని, ఎవరి కంప్యూటరులో వారు చేసుకుంటే ఫలితం ఉండదు. అయితే దానికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు కావాలి, అది తెలిసిన ఔట్‌సోర్సింగ్ కుర్రవాడు అదే రోజు సెలవులో ఉంటాడు. 2021 జూలైలో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు స్పూలర్‌ను పూర్తిగా ఆపివేయడం ఒక ఉపాయమని మైక్రోసాఫ్ట్ సూచించింది. చాలా కార్యాలయాలలో ప్రింటర్లు ఆ సూచనను ముందునుంచే స్వచ్ఛందంగా అమలు చేస్తున్నాయి.

పాస్‌వర్డు లేనివారికి మిగిలిన దారి, మొదటి ఫైలు ఎవరిదో కనుక్కొని వారిచేతనే రద్దు చేయించడం, ఎందుకంటే సాధారణ ఉద్యోగికి తన పనిని తప్ప ఇతరుల పనిని రద్దు చేసే అధికారం ఉండదు. క్యూ తెరిస్తే ఫైలు పేరు, పేజీల సంఖ్య, యజమాని పేరు వరుసగా కనిపిస్తాయి. ఫైలు పేరును బట్టి అది 6వ తరగతి సైన్సు ప్రాజెక్టు అని, 40 పేజీలదని, రంగుల్లో కావాలని తెలిసిపోతుంది గనక, సెక్షన్‌లో ఎవరూ అది తమదని ఒప్పుకోరు. యజమాని గడిలో ఉన్న పేరు రెండేళ్ల కిందట పదవీ విరమణ చేసిన సూపరింటెండెంటుది; ఆయన లాగిన్‌తోనే ఆ సెక్షన్ అంతా ఇప్పటికీ పనిచేస్తోంది. సదరు విశ్రాంత ఉద్యోగి వీలు చూసుకొని ఒకసారి కార్యాలయానికి వచ్చి, తమ పేరున ఉన్న సైన్సు ప్రాజెక్టును రద్దు చేసి వెళ్లవలసిందిగా సిబ్బంది అందరి తరఫున మనవి.