ఏడో నంబరు సైకిలు

నా వెనక మడ్గార్డు మీద ఎర్ర రంగుతో రాసిన 7లో పై గీత ఎప్పుడో చెరిగిపోయింది. చూసేవాళ్లు ఒకటి అనుకుంటారు. కాదు, నేను ఏడో నంబరునే. నల్లగొండలో ఒక కిరాయి సైకిళ్ల షాపులో పన్నెండు సైకిళ్లలో ఒకదాన్ని. గంటకు చారాణ. ఉస్తాద్ నోటు పుస్తకంలో పేరు, నంబరు, టైము రాసుకుని, బెల్లు ఒకసారి కొట్టి చూసి చేతికిచ్చేవాడు.

ఎందరెందరో ఎక్కారు. పెళ్లిపత్రికలు పంచేవాళ్లు, పాలక్యాన్లు తగిలించేవాళ్లు, సెకండ్ షోకు ముగ్గురు కలిసి ఎక్కేవాళ్లు. వాళ్లలో ఒక్కరి మొహమూ ఇప్పుడు గుర్తులేదు. గుర్తున్నది ఇద్దరే. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పోరగాళ్లు. ఒకడు పొట్టి, ఒకడు పొడుగు. పొడుగోడి నాయిన సర్కారు ఆఫీసులో గుమస్తా, పొట్టోడి నాయిన హమాలీ. పొట్టోడు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించేవి. మా ఊరి బోరునీళ్లలోని ఫ్లోరైడ్ పెట్టిన ముద్ర అది. అయినా వాడు నోరు మూసుకుని నవ్వింది నేను చూడలేదు.

విచిత్రమేమిటంటే, తొక్కేది పొట్టోడు. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందవు కాబట్టి మొదట్లో కడ్డీ కిందనుంచి కాలు దూర్చి కైంచి తొక్కేవాడు, తర్వాత కడ్డీ మీదికి ఎక్కాడు. పొడుగోడికి సైకిలంటే భయం. వెనక క్యారియర్ మీద కూర్చుంటే వాడి కాళ్లు నేలకు రాసుకుంటూ వచ్చేవి. చెప్పులు అరిగినందుకు ఇంట్లో తిట్లు కూడా తిన్నాడు.

1979 జులైలో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నేల మీద పడబోతోందన్నారు. రేపుంటామో లేదోనని ఇళ్లల్లో కోళ్లు కోసుకు తిన్నారు. వీళ్లిద్దరేమో అది పడితే ఒక ముక్క తెచ్చుకుందామని నన్ను గంటకు కిరాయి తీసుకుని, మెడలు పైకెత్తి ఊరంతా తిప్పారు. అది ఎక్కడో ఆస్ట్రేలియాలోనూ సముద్రంలోనూ పడింది. నాకు మాత్రం చూపు పైనున్న పొట్టోడి పుణ్యాన ఒక పంచరు పడింది.

అసలు కథ ఆ తర్వాతి ఫిబ్రవరిలో జరిగింది. 1980 ఫిబ్రవరి 16, శనివారం, సంపూర్ణ సూర్యగ్రహణం. నల్లగొండ సరిగ్గా దాని దారిలోనే ఉంది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి, కానీ అప్పుడు ఆ బెంచీ మీద లెక్కల కన్నా పెద్ద సమస్య ఒకటి నడుస్తోంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది కదా, కందూరు చోడుల కాలం నాటి గుడి. అందులో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నిలువుగా నిలబడే ఉంటుంది. సూర్యుడు కదిలినా నీడ కదలదు. అది ఒక్క స్తంభం నీడ కాదు, ముందున్న స్తంభాల సందుల్లోంచి రెండు వైపులా చొచ్చుకొచ్చే వెలుగు చేసే మాయ. ఆ సంగతి వాళ్లకప్పుడు తెలియదు. వాళ్ల పంచాయితీ ఒక్కటే: పట్టపగలు సూర్యుడే మాయమైతే ఆ నీడ ఉంటదా, ఉండదా?

"సూర్యుడే లేకుంటే నీడేడిదిరా, పిచ్చోడా" అన్నాడు పొడుగోడు.

"గది సూర్యుని నీడ గాదురా, దేవుని నీడ. ఉంటది సూడు" అన్నాడు పొట్టోడు. పందెం ఒక గోలీసోడా.

"గ్రహణం పట్టకముందే తెచ్చి పెట్టాలె" అని పదకొండింటికి ఉస్తాద్ నన్ను వాళ్ల చేతికిచ్చాడు. పానగల్లు ఎంత దూరమని, మూడు నాలుగు కిలోమీటర్లు. ఒంటిగంటకల్లా రోడ్ల మీద మనిషన్నవాడు లేడు. తలుపులన్నీ బిగించారు. చెరువు పక్క బాటలో నా చైను చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. గుడి అప్పట్లో పొలాల మధ్య దిక్కులేకుండా ఉండేది. నన్ను మెట్టుకు ఆనించి, కందిలి పొగకు మసిబట్టించిన గాజుముక్కతో సూర్యుణ్ణి చూస్తూ కూర్చున్నారు. అట్లా చూడొద్దని వాళ్లకు చెప్పేవాళ్లెవరూ అక్కడ లేరు.

పక్కనే వేపచెట్టు. దాని ఆకుల సందుల్లోంచి రోజూ గుండ్రంగా పడే వెలుగు చుక్కలు ఆ రోజు నెలవంకలయ్యాయి. నా సీటు మీద పచ్చ రెక్సిన్ నిండా చిన్నచిన్న నెలవంకలు. పొట్టోడు వాటి మీద వేలు పెట్టి లెక్కపెట్టబోయాడు. ఇరవై మూడు దాకా వచ్చాడు, ఈలోగా అవి సన్నబడిపోయాయి. గాలి చల్లబడింది. కొంగలు బారుగా చెట్టు మీదికి తిరిగొచ్చేశాయి. మూడున్నర దాటాక "లోపలికి పోదాం పా" అని ఇద్దరూ గర్భగుడి వైపు ఉరికారు.

ఒక్కసారిగా చీకటి పడింది. ఆకాశంలో చుక్క కనిపించింది. లోపలి నుంచి ఒక కేక, ఆ వెంటనే రెండు జతల కాళ్లు బయటికి. ఇద్దరూ వచ్చి నా హ్యాండిల్ చెరోవైపు పట్టుకున్నారు. నాలుగు చేతులూ వణుకుతున్నాయి. పైన నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లటి వెలుగు జుట్టు. రెండు నిమిషాలు, ఇంకాస్త ఎక్కువేమో. మళ్లీ వెలుగు వచ్చేదాకా ఎవడూ మాట్లాడలేదు.

లోపల నీడ ఉందో లేదో ఎవడూ చూడలేదు. దాంతో పందెం తేలలేదు. నలభై ఐదేళ్లయినా తేలలేదు.

తిరుగుదారిలో పొడుగోడికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నేను తొక్కుత" అన్నాడు. చీకటినే చూసినవాడికి సైకిలేం లెక్క అనుకున్నాడేమో. పొట్టోడు వెనకనుంచి సీటు పట్టుకుని పరుగెత్తాడు, కట్ట మీద ఒకచోట వదిలేశాడు. పది గజాలు నిజంగా తొక్కాడు. తర్వాత రాయి. నా ముందు రిమ్ము అష్టవంకర్లు పోయింది.

నన్ను ఎత్తి ఎత్తి మోసుకొచ్చారు. బజారు మలుపు దగ్గర పొడుగోడు ఆగాడు. "మా నాయినకు తెలిస్తే తోలు తీస్తడురా." పొట్టోడు పొమ్మన్నట్టు తల ఊపాడు.

ఉస్తాద్ షట్టరు సగం ఎత్తి నిలబడి ఉన్నాడు. ఆరు గంటల కిరాయి, పైన రిమ్ము. "ఎవరెవరు పోయిన్రు?"

"నేనొక్కన్నే."

ఉస్తాద్ నా క్యారియర్ వైపు చూశాడు. ఒళ్లంతా కట్ట మీది దుమ్మే, క్యారియర్ మీద మాత్రం ఒకడు కూర్చున్నంత మేర శుభ్రంగా తుడుచుకుపోయి ఉంది. చూసి ఊరుకున్నాడు. ఆ ఆదివారం నుంచి పొట్టోడు షాపులో ట్యూబులు నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వెతకడం మొదలుపెట్టాడు. పొడుగోడు అడిగితే "ఉస్తాద్ ఏమనలేదురా" అన్నాడు. పరీక్షల్లో లెక్కలు తప్పాడు. బాకీ తీరాక కూడా షాపులోనే ఉండిపోయాడు. లెక్కలు తప్పి షాపులో చేరాడనే స్నేహితుడు అనుకున్నాడు. నాకు నోరుంటే అప్పుడే చెప్పేదాన్ని.

పొడుగోడు ఇంజనీరై హైదరాబాదులో స్థిరపడ్డాడు. ఫోన్లు వచ్చాక మాటలు నడిచేవి. "నీడ ఉండెరా." "లేకుండెరా." ఉస్తాద్ పోయాక షాపు పొట్టోడిదైంది. లూనాలు, తర్వాత బైకులు వచ్చి కిరాయి సైకిళ్లను మింగేశాయి. పదకొండు సైకిళ్లనూ తూకానికి అమ్మాడు, నన్ను అమ్మలేదు. ఎందుకని భార్య అడిగితే "దీని మీద బాకీ ఉన్నది" అన్నాడు. మోకాళ్లు పట్టేసినా సాయంత్రాలు నన్ను నడిపించుకునైనా చాయ్ హోటలు దాకా వెళ్లేవాడు. మొన్న ఒక తెల్లవారుజామున గుండె ఆగిపోయింది.

దినాల నాడు పొడుగోడు కారు దిగాడు. జుట్టంతా తెల్లబడింది, అయినా ఆ కాళ్లను నేను మర్చిపోలేదు. భోజనాలయ్యాక నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గాలి లేక నా టైర్లు నేలకు అంటుకుపోయాయి. పొట్టోడి కొడుకు వెనకే వచ్చాడు.

"మా నాయినకు ఇదంటే పానం సార్. గ్రహణం నాడు ఒక్కన్నే పానగల్లు పోయి దీని రిమ్ము ఇరగ్గొట్టిన, గా బాకీ తీర్చుకుంటనే పని నేర్చుకున్న అని చెప్తుండె."

పొడుగోడు చాలాసేపు మాట్లాడలేదు. వేళ్లతో నా క్యారియర్ మీది దుమ్ము తుడిచాడు, ఒకడు కూర్చునేంత మేర.

"సార్ అనకు బిడ్డా" అన్నాడు. "మీ నాయిన ఒక్కడే పోలేదు. రిమ్ము ఇరగ్గొట్టింది నేను."

పిల్లవాడు ఏమనాలో తెలియక చూస్తూ నిలబడ్డాడు.

"ఇంట్ల పంపు ఉన్నదా?" అని అడిగాడు పొడుగోడు.