ఇంద్రధనుస్సు మీంచి హాయిగా పడే పద్ధతి

రెయిన్‌బో రోడ్డు పేరు చెప్పగానే జడుసుకునేవాళ్లు ముందు ఊపిరి పీల్చుకోండి. నింటెండో వాళ్లు 1992లో సూపర్ మారియో కార్ట్ అనే బండి పందేల వీడియో గేమ్ తెచ్చినప్పుడు స్పెషల్ కప్ అనే పోటీలో చిట్టచివరి ట్రాక్‌గా దీన్ని పెట్టారు. రంగురంగుల గళ్ల రోడ్డు, చుట్టూ చీకటి, అంచున గోడ లేదు. గోడ కట్టలేదంటే ఏమిటర్థం? పడమనేగా!

పడితే కొంపలేం మునగవు. మబ్బు మీద కూర్చున్న లకిటూ గాలం వేసి లాగి మళ్లీ రోడ్డెక్కిస్తాడు. కూలి రెండు నాణేలు. నాణేలు పోతే బండి వేగం తగ్గుతుందని కొందరు బెదిరిస్తారు. తగ్గనివ్వండి, మెల్లగా పోయే బండి మలుపులో పడదు. అందుకని ఉన్న నాణేలన్నీ మొదటి ల్యాప్‌లోనే లకిటూకి సమర్పించుకుంటే మిగిలిన నాలుగు ల్యాప్‌లూ నిశ్చింత.

ఆ ఆట నడిచిన సూపర్ నింటెండో యంత్రం అప్పట్లో ఒక చదునైన బొమ్మనే తిప్పుతూ, పెద్దది చేస్తూ రోడ్డులా భ్రమింపజేసేది. దాన్ని మోడ్ 7 అనేవారు. గుట్టల్లేవు, పల్లాల్లేవు. అలాంటి రోడ్డుకి బ్రేకెందుకు చెప్పండి? థ్వాంప్‌లనే రాతి దిమ్మలు మాత్రం మిలమిలా మెరుస్తూ పైనుంచి దబ్బున దిగుతుంటాయి. మంచి వెలుతురు కదా, వాటి పక్కకి చేరి తీరిగ్గా దారి చూసుకోండి.

1996లో వచ్చిన మారియో కార్ట్ 64 ఈ ట్రాక్‌ని చెడగొట్టింది. రోడ్డు పొడుగునా కంచె! ఒక్కో ల్యాప్‌కీ రెండు నిమిషాల దాకా పడుతుంది, ఆకాశంలో మారియో, పీచ్ లాంటి ఆట పాత్రల నియాన్ బొమ్మలు చూస్తూ కూర్చోవాలి. అయినా నిరాశ వద్దు. బయల్దేరగానే ఒక పెద్ద దిగుడు వస్తుంది. ఆరితేరినవాళ్లు అక్కడ కంచె మీదుగా ఎగిరి, చాలా దూరం ముందున్న కింది రోడ్డు మీద వాలతారు. మీరూ ఎగరండి. కింది రోడ్డు ఎటుందో చూసుకుని ఎగరడం పిరికివాళ్ల లక్షణం.

పడడంలో అసలు రుచి తెలియాలంటే 2008 నాటి మారియో కార్ట్ వీ ఆటే ఆడాలి. అక్కడ రోడ్డు భూగోళం పైన వేలాడుతుంటుంది. జారితే బండి ఉల్కలా మండుకుంటూ పోతుంది. ఎవరో కళాకారులు కూర్చుని ఇంత ముచ్చటగా తీర్చిన దృశ్యం, రోడ్డు మధ్యన బుద్ధిగా నడిపేవాడి కంట ఎప్పటికైనా పడుతుందా? మొదటి బహుమతి ఒక్కటే దక్కుతుంది, పాపం. 2011 నాటి మారియో కార్ట్ 7లో చంద్రుడి మీద కూడా నడపనిస్తారు గానీ, అక్కడ పడే వీలు తక్కువ. త్వరగా దాటేయండి.

ఇక ఫలితం సంగతి. 1992 ఆటలో మొదటి నలుగురిలో లేకపోతే అదే పందెం మళ్లీ ఆడిస్తారు. మీ నడక అంత నచ్చిందన్నమాట. అలా మళ్లీ ఆడే అవకాశాలూ అయిపోయాయనుకోండి, కంట్రోలర్ పక్కవాడి చేతికిచ్చి, సరిగ్గా వాడు ఇరుకు మలుపు తిరిగే సమయానికి చెవి దగ్గర గట్టిగా సలహాలు మొదలుపెట్టండి.