పెరటి గోంగూర పనికిరాదట!

పెదపారుపూడి మామ్మగారు మధ్యాహ్నమంతా క్రోషా సూదితో లేసు అల్లుతారు. పొద్దువాలితే పెరట్లో గోంగూర మడికి నీళ్లు పోస్తారు. టీవీ మీద పరిచిన ఆ లేసును ‘పాతకాలం’ అని బీరువాలో కుక్కిన కోడలే, డాలస్‌లో ‘చేతి అల్లిక’ అని చీటీ కట్టిన టేబుల్ గుడ్డను డాలర్లు పోసి కొని ఫొటో పంపింది. ‘అల్లిక వదులుగా ఉందమ్మాయ్’ అన్నారు మామ్మగారు, కళ్లజోడు సవరించుకుని.

ఇక గోంగూర. ప్రియా పచ్చళ్ల వ్యాపారం పెట్టిన రామోజీరావు 1936లో పుట్టింది ఈ ఊళ్లోనే. సీసాకెక్కితే పచ్చడికి విలువొస్తుందని ఊరికి ఒకరు చెప్పాలా? మనవడికి మాత్రం మామ్మ జాడీలోది ‘నూనె ఎక్కువ’, కొట్టు సీసాలోది ‘అథెంటిక్’! ఈసారి మామ్మగారు జాడీ పచ్చడినే ఖాళీ సీసాకెత్తి, మూతకు లేసు చుట్టి, ధర చీటీ అంటించి పంపుతున్నారు. రూపాయల్లో కాదండోయ్, డాలర్లలో!