అబూజా బిల్లు, అల్ప వాటాదారుని మోక్షము

మోక్షమునకు జ్ఞాన కర్మ భక్తి మార్గములు మూడే యని మన పెద్దలు నిర్ణయించిరి గాని, హ్యూస్టన్‌లోను లండన్‌లోను చిల్లర ధరకు దొరకు చమురు కంపెనీల వాటాలను కొని పెట్టెలో దాచుకొన్న చిన్న మదుపరులను వారెరుగరు. ఎరిగియున్నచో నాలుగవదిగా నిరీక్షణ మార్గమును తప్పక చేర్చియుందురు. ఈ మార్గమున నడచు సాధకునకు నైజీరియా రాజధాని అబూజాయే క్షేత్రము. 2008లో ఆ దేశపు చట్టసభ ముందుకు వచ్చిన పెట్రోలియం పరిశ్రమ బిల్లే ఆరాధ్యమూర్తి. "ఈ వారము ప్యాసగుట ఖాయము" అనునదే మూలమంత్రము. తాను నమ్మిన కంపెనీకి బావి యున్నదా, బావిలో చమురున్నదా, ఉన్నచో దానిని పైకి తీయుటకు డబ్బున్నదా యను ప్రశ్నలు ఈ మార్గమున నాస్తికులు వేయు ప్రశ్నలు. బిల్లు ప్యాసైన మరునాడు పెద్ద కంపెనీలు పర్సులు విప్పుకొని పరుగున వచ్చుననియు, వచ్చి చిన్న కంపెనీని అడిగిన ధరకు కొనుననియు, అంతట తాను ఉద్యోగమునకు రాజీనామా వ్రాసి యిచ్చుననియు అతని సిద్ధాంతము.

ఈ మూర్తి అవతారములు అనేకములు. 1969 నాటి పెట్రోలియం చట్టము పాతబడినదని 2000లో ఒక కమిటీ కూర్చుండెను. 2007లో రిల్వాను లుక్మాన్ అధ్యక్షతన అదే కమిటీ మరల కూర్చుండెను. ఆ కూర్చుండుటల ఫలముగా 2008లో బిల్లు పుట్టెను. పుట్టిన పిదప ప్రాచీన కావ్యములకు వలె దానికి పాఠాంతరములు బయలుదేరి, ప్రభుత్వము వారి ప్రతి యొకటి, సెనేటు వారి ప్రతి యొకటి, చమురు కంపెనీలు దిద్దినదని చెప్పుకొను ప్రతి మరియొకటియై, ఏది మూలమో ఏది ప్రక్షిప్తమో తేల్చుటకు పండిత పరిషత్తు కావలసిన స్థితి ఏర్పడెను. 2012లో గుడ్‌లక్ జొనాథన్ ప్రభుత్వము కొత్త ప్రతిని పంపగా అదియు చట్టసభలోనే నిద్రించెను. 2018లో పాలనా భాగమును మాత్రము విడదీసి ఉభయసభలు ఆమోదింపగా, నియంత్రణ సంస్థ తన వసూళ్లలో 10 శాతము వరకు తానే ఉంచుకొనుటకు వీలు కల్పించినారని అధ్యక్షుడు బుహారీ సంతకము పెట్టుటకు నిరాకరించెను.

ఇంతకాలము మన సాధకుడు నిరాశపడెనని తలంచువారు అతని వ్యాఖ్యానశక్తిని ఎరుగనివారు. సెనేటు సెలవులకు మూసినచో, తెరచిన వెంటనే బిల్లే మొదటి పని యని అతడు సంతసించును; తెరచి వేరొక పని చేపట్టినచో, ముఖ్యమైనదానిని తీరికగా చేయదలచిరని సమాధానపడును; ఎన్నికలు వచ్చినచో, ఎన్నికలకు ముందే ముగించెదరనును; ఎన్నికలైపోయినచో, కొత్తవారికి పేరు కావలయును గదా యనును; అధ్యక్షుడు తిరస్కరించినచో, చవుకగా మరి నాలుగు వాటాలు కొనుటకు దేవుడిచ్చిన అవకాశమనును. తోడి వాటాదారు ఎవడైన "అమ్మివేసితిని" అన్నచో, వానికి ఓర్పు చాలలేదని జాలిపడును. ఎవడైన అనుమానము వెలిబుచ్చినచో, వాడు ధర పడగొట్టుటకు వచ్చిన కూలిమనిషి యని వెంటనే తీర్పు చెప్పును.

సాధకుని లెక్కల పుస్తకమును ఒక్కమారు దగ్గరనుండి చూతము. హ్యూస్టన్ నగరమున ఈఆర్‌హెచ్‌సీ యను చిన్న కంపెనీ యొకటి యుండెను. నైజీరియాయు, దాని పొరుగున గినీ సింధుశాఖలోనున్న సావో టోమే యను చిన్న ద్వీపదేశమును 2001లో ఒప్పందము చేసికొని, 60కి 40 పాళ్లుగా పంచుకొన్న ఉమ్మడి సముద్ర మండలములో ఈ కంపెనీకి కొన్ని బ్లాకులయందు వాటాలుండెను. డ్రిల్లింగ్ ఖర్చు భాగస్వాములే పెట్టుకొందురను ఏర్పాటును ఉండెను. ఇక లెక్క. సముద్రము క్రింద 100 కోట్ల పీపాలున్నవనుకొందము. పీపా 100 డాలర్లనుకొందము. మన పాలు 10 శాతమనుకొందము. వచ్చిన 1,000 కోట్ల డాలర్లను కంపెనీ యొక్క 70 కోట్ల పైచిలుకు వాటాలతో భాగించినచో వాటాకు సుమారు 14 డాలర్లు. బజారులో ధర సెంట్లలో పలుకుచున్నది. కావున లోకమంతయు మూర్ఖము, తానొక్కడే బుద్ధిమంతుడు. ఈ లెక్కలో ప్రభుత్వపు పాలునకు గడి లేదు, పన్నునకు గడి లేదు, తొలి పీపా పైకి వచ్చుటకు పట్టు సంవత్సరములకు గడి లేదు, "లేనిచో" అను మాటకు అసలే చోటు లేదు. షెల్ వంటి మహాసంస్థయే 2004లో తన "నిరూపిత నిల్వలలో" అయిదవవంతును, అనగా 390 కోట్ల పీపాలను, నిరూపితములు కావని పట్టికనుండి తీసివేయవలసి వచ్చెను. వానిలో నైజీరియా పాలు చిన్నది కాదు. నిరూపితమైనదాని గతియే అదియైనప్పుడు "అనుకొందము" పై కట్టిన మేడను గూర్చి చెప్పునదేమి? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము.

2009లో ఆ మండలమున అడాక్స్, సినోపెక్ కంపెనీలు బావులు త్రవ్వినవి. బయటపడినది కొంత సహజవాయువు. వ్యాపారమునకు చాలునంత కాదు. రెండవ బ్లాకులో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కును భాగముండుటచే, భారత ప్రజల సొమ్మును కొంత ఆ నీటిలో కలిసినది. ఇందలి పరమ విచిత్రమేమనగా, ఆ ఉమ్మడి మండలమునకు ఒప్పందము ప్రకారము వేరొక అథారిటీయు, వేరే నిబంధనలును కలవు. అబూజాలో నానుచున్న బిల్లు సూటిగా ఏలవలసినది ఆ నీళ్లను కానే కాదు. అయినను తమ నీటికి చెల్లని చట్టము కొరకు, తమ బావిలో లేని చమురును చూచుకొని, మదుపరులు జాగరణ చేయుచునే యుండిరి.

చట్టసభ సభ్యులు సోమరులు గనుకనే బిల్లు ఆలస్యమైనదని సాధకుడు తిట్టును. అచ్చటనే అతడు పొరబడినాడు. ఆలస్యమునకును వాటాదారులు కలరు, వారికి ఏటేట డివిడెండు అందుచునేయుండును. 1999లో ఒక సైనిక శాసనము లోతు సముద్రపు చమురునకు వరములు ప్రసాదించెను: నీటి లోతు 1,000 మీటర్లు దాటినచో ప్రభుత్వమునకు రాయల్టీ సున్న. పీపా ధర 20 డాలర్లు మించినచో ఆ షరతులను పునఃపరిశీలింపవలెనని అదే శాసనమున వ్రాసియుండెను. ధర 20 దాటెను, 50 దాటెను, 2008లో 140 కూడ దాటెను. పునఃపరిశీలన మాత్రము 2019 నవంబరులో జరిగెను. ఇన్ని సంవత్సరములు ఆ కాగితము ఎవరికంటను పడలేదని నమ్మువాడు ఏ కంపెనీ వాటానైనను కొనవచ్చును. సంస్కరణ యనగా పెద్ద కంపెనీకి పన్ను, ప్రభుత్వ సంస్థకు లెక్క చెప్పవలసిన బాధ్యత, అధికారులకు చేజారు లైసెన్సు, వీరిలో తొందరపడవలసినవారెవరు? తొందరపడినవాడు చిన్న మదుపరి యొక్కడే. అతని మాటకు అబూజాలో వోటు లేదు.

పెద్దల సాంగత్యమున్న కంపెనీని నమ్ముకొన్నచో భయము లేదందురు. లండన్‌లో లిస్టయిన ఆఫ్రెన్ అట్టిదే; సంస్కరణ కమిటీకి అధ్యక్షుడైన లుక్మాన్ మహాశయుడే దానికి తొలి అధ్యక్షుడు. నైజీరియాలో నిజముగా చమురు తీసి, ఎఫ్‌టీఎస్‌ఈ 250 సూచికలో చోటు సంపాదించిన ఆ కంపెనీ, 2015 జులైలో దివాలా నిర్వాహకుల చేతికి పోయెను. వాటాదారులకు మిగిలినది సున్న. దాని ముఖ్యాధికారులిద్దరికి 2018లో లండన్ న్యాయస్థానము మోసము, మనీలాండరింగ్ నేరములకు కారాగారశిక్ష విధించెను. బిల్లు ఏ పాఠాంతరములో చూచినను దీనికి పరిహారము కానరాదు.

తుదకు దేవుడు కరుణించెను. 2021 జులైలో బిల్లును ఉభయసభలు ఆమోదింపగా ఆగస్టు 16న బుహారీ సంతకము చేసెను. పెద్ద కంపెనీలు పరుగున వచ్చునని గదా సిద్ధాంతము? అవి పరుగెత్తినమాట నిజమే, కాని ద్వారమువైపునకు. స్థానిక కంపెనీలకు అమ్మకములు సాగెను: ఎక్సాన్‌మొబిల్ తన తీరసమీపపు క్షేత్రములను సెప్లాట్‌కు అమ్మెను, ఎని తన నేలమీది బావులను ఒయాండోకు అమ్మెను, షెల్ తన నైజర్ డెల్టా వ్యాపారమును రినైసెన్స్‌కు అమ్మి 2025 మార్చిలో చేతులు దులుపుకొనెను. లోతు సముద్రమును మాత్రము షెల్ వదలలేదు. లాభమెచ్చటనున్నదో దానికి తెలియును.

ఆ చట్టములో చమురు నేలల ప్రజల కొరకు ఏర్పరచిన నిధికి కంపెనీలు ఇయ్యవలసినది అంతకుముందటి సంవత్సరపు నిర్వహణ ఖర్చులో 3 శాతము. ఆ ప్రజలు అడిగినది 10. ఉన్నదో లేదో తెలియని కొత్త చమురును వెదకుటకు మాత్రము ప్రభుత్వ కంపెనీ లాభచమురులో 30 శాతము కేటాయింపబడెను. 1956లో తొలి వాణిజ్య చమురు పడిన ఒలోయిబిరి గ్రామపు బావులు ఎండి దశాబ్దములైనది. ఆ గ్రామస్థుల నిరీక్షణను సాధకుడు తన లెక్కల పుస్తకములో ఎన్నడును వ్రాసికొనలేదు. చట్టము వచ్చునా యని పదమూడేండ్లు అడిగినవాడు చట్టములో ఏమున్నదని ఒక్కనాడైన అడుగలేదు.

"పేదవాని ఆశను పరిహసింపనేల?" అని దయామయులు కొందరు నన్ను మందలింపవచ్చును. ఆశను నేను పరిహసించుట లేదు. ఆశను సరుకుగా అమ్ముకొను అంగడిని, ఆ సరుకు కొని దానిని పరిశోధన యనుకొను గర్వమును పరిహసించుచున్నాను. చమురు దొరకని కంపెనీ ఇన్నేండ్లు అమ్మినది నిరీక్షణయే. కొత్త వాటాలు జారీ చేసి జీతములు చెల్లించుకొనినది ఆ అమ్మకముతోనే. ఇప్పుడు నైజీరియా జాతీయ చమురు సంస్థ లిమిటెడ్ కంపెనీయై, దాని వాటాలు ఏనాటికైన ప్రజలకు అమ్ముదురని వార్తలు పుట్టుచున్నవి. ఏనాడని అడుగవలదు. ఈ వారము ఖాయము.