భక్తి ముదిరిన మిర్రర్లు

‘కోడ్ చరిత్రను దాచే గిట్‌కి వేరే బ్యాకప్ ఎందుకండీ, ప్రతి క్లోనూ (పూర్తి నకలూ) బ్యాకప్పే కదా!’ అనే ధీమా సాఫ్ట్‌వేర్ లోకంలో తరచూ వినిపిస్తుంది. 2013 మార్చిలో కేడీఈ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుకూ ఇంచుమించు అదే ధీమా. ఒక ప్రధాన సర్వర్‌లో సుమారు 1,500 రిపాజిటరీలు (కోడ్ భాండాగారాలు); దాన్ని ఎప్పటికప్పుడు అనుకరించే మిర్రర్లు పలుచోట్ల.

సెక్యూరిటీ అప్‌డేట్ల కోసం ఆ సర్వర్‌ను ఆపి, మళ్లీ లేపారు. లేచేసరికి ఫైల్‌సిస్టమ్ పాడైంది. మిర్రర్లు మాత్రం విధి నిర్వహణలో వెనకాడలేదు. పెద్ద సర్వర్ ఇచ్చిన జాబితాలో రిపాజిటరీలు గల్లంతయ్యాయి గనక, తమ దగ్గరున్న మంచి కాపీలనూ భక్తిశ్రద్ధలతో చెరిపేశాయి. రాజుగారికి తలనొప్పి వస్తే ఊరంతా తలలు నరుక్కున్నట్టు!

కొత్తగా పెట్టిన మరో సర్వర్‌లో కాపీలు చెక్కుచెదరకుండా దొరకబట్టి పరువు దక్కింది. దీన్ని ప్రణాళిక అనరు, పూర్వజన్మ సుకృతం అంటారు.

ఇలాంటి రిపాజిటరీలకు చోటిచ్చే గిట్‌ల్యాబ్ సైట్‌ది మరో ముచ్చట. 2017 జనవరి 31న ఓ ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. రిపాజిటరీలు బతికాయి. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అది అసలు నడవడమే లేదు. ఆ సంగతి మొరపెట్టుకున్న ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ గుమ్మంలోనే తిప్పికొట్టింది. ఆరు గంటల ముందు వేరే అవసరానికి తీసిన స్నాప్‌షాటే దిక్కయింది. మరమ్మతును యూట్యూబ్‌లో లైవ్‌గా చూపించారు. బ్యాకప్‌కి కరువొచ్చింది గానీ, ప్రేక్షకులకు రాలేదు.