చేతులు ఖాళీ లేవు

ఇంటికొచ్చి పనిచేసే బ్యూటీషియన్ అంటే చేతిలో చిన్న సంచీ, అందులో నాలుగు క్రీములూ ఐబ్రోస్ దారమూ ఉంటాయనుకునేవాళ్లు నిజాంపేట రోడ్డు మీద నా స్కూటర్‌ని ఒకసారి చూడాలి. కాళ్ల దగ్గర వ్యాక్స్ హీటర్, వెనక సీటు మీద తువ్వాళ్ల మూట, హుక్కుకి ప్లాస్టిక్ కవర్లు, డిక్కీలో పారఫిన్ మైనం దిమ్మలు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు నన్ను గ్యాస్ స్టవ్ రిపేరు మనిషిననుకున్నారు, కుక్కర్ కంపెనీ మనిషిననుకున్నారు. రిజిస్టర్లో ఏం పనిమీద వచ్చారన్న గడిలో "చేతులకు మైనం" అని రాస్తాను. వాచ్‌మన్ అది చదివి, నన్ను చూసి, హీటర్ని చూసి, ఏమీ అడక్కుండా సర్వీస్ లిఫ్టు వైపు చెయ్యి చూపిస్తాడు.

పారఫిన్ హ్యాండ్ ట్రీట్‌మెంట్ పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మైనం కరిగించి యాభై డిగ్రీల పైచిలుకు వేడిలో నిలబెట్టాలి. చేతులు శుభ్రంగా కడిగించి, క్రీము రాసి, ఒక్కో చేతినీ ముంచి తీయాలి. పూత ఆరగానే మళ్లీ ముంచాలి. ఐదారు పూతలు పడ్డాక ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన తువ్వాలు చుట్టి, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాలి. ఆ తర్వాత మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లగా లాగితే తొడుగు మొత్తం ఊడొస్తుంది.

లాగడం అన్న మాట మాత్రం ముందే అనకూడదు. వ్యాక్సింగ్ బాధ పడ్డవాళ్లు మైనం గిన్నె కనపడగానే చేతులు వెనక్కి పెట్టుకుంటారు. ఒకావిడ కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి, "లాగేముందు చెప్పమ్మా, ఊపిరి బిగబట్టుకుంటాను" అంది. అప్పటికే నేను లాగేసి, తొడుగు చెత్తసంచీలో వేసేసి, తువ్వాలు మడతపెడుతున్నాను.

అసలు కష్టం మైనం కరగడంలో ఉంది. కరిగిన మైనంతో మా ఏరియా స్పీడ్ బ్రేకర్లు దాటడం ప్రాణాలతో చెలగాటం కాబట్టి గడ్డకట్టిందే తీసుకెళ్తాను. అది కరగడానికి గంట పైనే పడుతుంది. ఆ గంటసేపు నేను ఆ ఇంటి చుట్టాన్ని. కాఫీ వస్తుంది. కాఫీ వెనకే ప్రశ్నలూ వస్తాయి. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, మీ ఆయనేం చేస్తాడు, ఇల్లు సొంతమా అద్దెదా, అద్దె అయితే ఎంత, అంత పెట్టి అక్కడెందుకు ఉంటున్నావు. మధ్యలో కరెంటు పోతే ప్రశ్నలు ఇంకో అరగంట పొడుగవుతాయి. ఇద్దరు ముగ్గురు నాకు ఇల్లు కూడా చూసిపెట్టారు.

ప్రశ్నలు నేనూ అడగాలి. తెగిన గాయాలున్నాయా, గజ్జి తామర లాంటివి ఉన్నాయా, చేతుల్లో స్పర్శ సరిగ్గా తెలుస్తోందా? షుగర్ బాగా ముదిరినవాళ్లలో కొందరికి స్పర్శ తగ్గుతుంది, అలాంటివాళ్లకు వేడి తెలియక చర్మం కాలొచ్చు. అందుకని తప్పనిసరిగా, "షుగర్ ఉందామ్మా?" అంటాను. "ఎందుకు లేదు తల్లీ, కాఫీలో ఇంకో చెంచా వెయ్యనా?" అంటారు.

ఉంగరాల దగ్గర ఇంకో కథ. అవి తీసి గిన్నెలో వేయిస్తాను. వేయించేటప్పుడు పైకి లెక్కపెడతాను, ఇంటివాళ్లచేత లెక్కపెట్టిస్తాను, వీలైతే పక్కింటావిడ ముందు లెక్కపెట్టిస్తాను. ఈ పనిలో చెయ్యి కాలడం కన్నా ఉంగరం కనపడకపోవడం పెద్ద ప్రమాదం. గాజులైతే ఎవరూ తీయరు, నేనూ తీయమనను. మోచేతి దాకా పైకి జరిపి రబ్బరు బ్యాండు వేస్తాను. ఈ సంగతి నాకు ట్రైనింగ్‌లో ఎవరూ నేర్పలేదు. పాఠం రాసినవాళ్లు గాజులేసుకునేవాళ్లు కాదేమో.

శనివారం నియమం ఉన్న ఒక పిన్నిగారు గిన్నెలోకి వంగి వాసన చూసి, "ఇందులో జంతువుల కొవ్వేమీ లేదు కదా?" అని అడిగారు. అనుమానం అర్థం లేనిదేం కాదు. ఒకప్పుడు కొవ్వొత్తులు అలాగే చేసేవాళ్లు. పారఫిన్‌ని 1830లో కార్ల్ ఫాన్ రైఖెన్‌బాఖ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త కట్టెల తారులోంచి తీశాడు. ఇప్పుడు ఎక్కువగా ముడిచమురులోంచి వస్తోంది. మన దేశంలో అస్సాంలోని దిగ్బోయ్‌లో 1901లో మొదలైన రిఫైనరీ ఈ మైనానికి పేరుపడ్డది. ఇదంతా చెప్పి, "నా స్కూటర్లో పోసే పెట్రోలూ ఇదీ ఒక తల్లి బిడ్డలేనండీ" అన్నాను. పిన్నిగారు ఊరట చెందలేదు. "అందుకా ఇంత రేటు!" అన్నారు.

మే నెలలో నాకు బేరాల్లేవు. బయట ఎండ నలభై రెండు ఉంటే, యాభై దాటిన గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని ఎవరు రమ్మంటారు? అంత వేడి నీళ్లలో చెయ్యి పెడితే అరిచి తీసేస్తామనీ, మైనం మాత్రం వేడిని చర్మానికి నెమ్మదిగా ఇస్తుందనీ, మొదటి పూత గడ్డకట్టి తర్వాతి పూతల వేడికి అడ్డం నిలుస్తుందనీ, అందుకే కాలదనీ ఎంత చెప్పినా వినరు. నా సీజన్ ధనుర్మాసం. చలిలో తెల్లారగట్ల వాకిలి కడిగి ముగ్గులేసిన వేళ్లు సంక్రాంతికి పగిలి మంటపెడతాయి. అప్పుడు ఫోన్లు వాటంతటవే వస్తాయి.

ఇక ఆ ఇరవై నిమిషాల సంగతి. రెండు చేతులకూ తువ్వాళ్లు చుట్టి మేడమ్‌ని సోఫాలో కూర్చోబెట్టగానే మొదట ముక్కు దురదపెడుతుంది. దీనికి శాస్త్రమేదీ లేదు, నా అనుభవమే. అందరికీ దురదపెడుతుంది. నేనే గోకుతాను. రేటు కార్డులో ఈ సేవ లేదు.

ఆ తర్వాత ఇల్లు మేలుకుంటుంది. అప్పటిదాకా ఎవరి గదిలో వాళ్లున్న మనుషులందరికీ ఒక్కసారి ఆవిడతో పని పడుతుంది. పిల్లాడికి ఓటీపీ కావాలి. పార్సిల్ అబ్బాయి బెల్లు కొడతాడు. వంటింట్లో కుక్కర్ కూత మొదలెడుతుంది. కూకట్‌పల్లిలో ఒక ఇంట్లో మూడో కూతకి ఆయన పేపరు మడిచి లేచాడు. లేచి, "మసిగుడ్డ ఎక్కడుంటుంది?" అన్నాడు. ఆ ఇంట్లో కాపురం పెట్టి పాతికేళ్లయిందట. ఆవిడ గడ్డంతో చూపించింది. "స్టవ్వు ఎటు తిప్పితే ఆగుతుంది?" అన్నాడు. ఆవిడ రెండు మూటలూ ఎత్తి గాల్లో తిప్పి చూపించింది. నాలుగో కూత, ఐదో కూత వచ్చాయి. నేను లేవబోతే ఆవిడ కాలు అడ్డం పెట్టింది. "కూర్చో అక్కా. పప్పు మాడితే మాడనీ. నేర్చుకుంటారు." పప్పు మాడింది. ఆవిడ సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

అందరికీ అంత ధైర్యం ఉండదు. సగం సేపటికే, "ఇంకెంతసేపమ్మా? అంట్లలా పడున్నాయి" అని కాళ్లూపేవాళ్లే ఎక్కువ. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం వాళ్లకు అలవాటు లేదు. కాసేపు కూర్చోవమ్మా అని ఇంట్లో ఎవరన్నా అంటారో లేదో నాకు తెలియదు, అన్నా కూర్చోరు. నేను చేతులు రెండూ మూటగట్టి, దానికి డబ్బులు కూడా తీసుకుని కూర్చోబెడుతున్నాను. మైనం ఒక వంక అని నా గట్టి నమ్మకం.

వంక అన్నానని పని చేయదనుకోకండి. చర్మంలోని తేమ బయటికి పోకుండా మైనం ఆపుతుంది, కింద రాసిన క్రీము బాగా పట్టుకుంటుంది. వేళ్ల కీళ్లు పట్టేసినవాళ్లకు ఆ వేడి హాయిగా ఉంటుంది. ఫిజియోథెరపీ వాళ్లూ ఇలాంటి మైనం తొట్టే వాడతారు. అత్తగార్లు మొదట "ఈ సోకులేంటి" అని మొహం తిప్పుకుని, ఆ సంగతి వినగానే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. ఇక ఒంట్లోని విషాలన్నీ బయటికి లాగేస్తుందని కొందరు చెబుతారు గానీ, నేను చూసినంతలో బయటికొచ్చేది చెమటే. మెత్తదనం కూడా శాశ్వతం కాదు. రెండు రోజులు అంట్లు తోమితే చేతులు మళ్లీ మామూలే.

ఒకరి చేతి మీంచి తీసిన మైనం ఇంకొకరికి వాడకూడదు, పారేయాల్సిందే. ఇది చెప్పినప్పుడు ఇంటివాళ్ల మొహం చూడాలి. "డబ్బులిచ్చాం కదా, అది మాదే" అని డబ్బాలో దాచుకునేవాళ్లున్నారు. ఒక ఇంట్లో చేతి గీతలతో సహా ఊడొచ్చిన తొడుగుని బామ్మగారు వెలుగులో పట్టుకుని కోడలి ఆయుష్షు రేఖ చూశారు. ఎంతుందో పైకి చెప్పలేదు. మనవడు దాన్నే కర్రకి తొడిగి మెట్ల దగ్గర కింది ఫ్లోర్ పిల్లల్ని భయపెట్టాడు.

చివరికి డబ్బులివ్వడం దగ్గర ఇంకో పావుగంట. నూనె జిడ్డుతో నున్నబడ్డ వేలు ఫోనుకి ఎంత నొక్కినా అందదు. వేలు తుడుస్తారు, ఊదుతారు, ఇంకో వేలు పెడతారు, ఫోను తనవాళ్లు కాదని తలుపు తీయదు. పిన్ నంబరు ఆయనకే తెలుసు, ఆయన మసిగుడ్డ వెతుకుతున్నాడు.

కాబట్టి నన్ను పిలిచేవాళ్లకు నా విన్నపాలు ఇవీ. ప్లగ్ పాయింటు ఒకటి ఖాళీగా ఉంచండి. ఉంగరాలు ముందే తీసి బీరువాలో పెట్టుకోండి. బేరమాడాలంటే మైనం కరిగేలోపు ఆడుకోండి, ఎలాగూ గంట ఉంటుంది. డబ్బులు మాత్రం చేతులు ముంచకముందే కొట్టేయండి.